మూడో ఎకౌంటు

మొన్న పేపర్లో ఇంటర్నెట్ ఆటల్లో ఎకౌంట్లు దొంగిలించే కుర్రాళ్ల గురించి సగం పేజీ రాశారు. ఎలా దొంగిలిస్తారో బాగానే రాశారు. ఎందుకు దొంగిలిస్తారన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం "దురాశ" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ రాసినాయన అలాంటి కుర్రాణ్ణి ఒక్కణ్ణయినా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉండడు. నేను మాట్లాడాను. నా నెట్ సెంటర్లో మూడేళ్లు పనిచేసిన మార్కు, నా కళ్ల ముందే మూడు ఎకౌంట్లు దొంగిలించాడు. ఇప్పుడు మార్టూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఊళ్లోవాళ్లంతా తమ ఫోన్లు వాడి చేతిలో పెట్టి నిశ్చింతగా టీ తాగడానికి వెళుతుంటారు. వాళ్లు చేస్తున్నది తప్పేమీ కాదు. కానీ వాడొకప్పుడు దొంగ అన్నదీ నిజమే. అదెలా జరిగిందో రాద్దామని కూర్చున్నాను.

నా పేరు కోటిరత్నం. పర్చూరు బస్టాండుకు నాలుగు కొట్ల అవతల నాకొక ఎస్టీడీ బూతు ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి దాని పొట్ట కొట్టాయి. 2005లో మా ఆయన రామాంజనేయులు ఐదు కంప్యూటర్లు కొని, బూతు తీసేసి నెట్ సెంటర్ పెట్టించాడు. పెట్టించి తను పొగాకు తోటలోకి వెళ్లిపోయాడు. కంప్యూటరంటే నాకు టీవీకి తోబుట్టువని తప్ప ఇంకేమీ తెలియదు. అందుకని పని తెలిసిన మనిషి కావాలని అద్దం మీద కాగితం అంటించాను.

ఆ కాగితం చూసి వచ్చాడు మార్కు. ఇరవై రెండేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, మడత నలగని చొక్కాతో గుమ్మం బయటే నిలబడ్డాడు. డిగ్రీలో ఒక్క ఇంగ్లీషు పేపరు మిగిలిపోయిందనీ, చీరాలలో కంప్యూటర్ కోర్సు చేశాననీ చెప్పాడు. వాడి తండ్రి జక్రయ్య మార్టూరులో గ్రానైటు రాళ్లు పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. తల్లి సంతోషకుమారి పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగుకు వెళుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నేనడిగినవి వేరు.

"మీ ఇంటిపేరేందబ్బాయ్?"

చెప్పాడు.

"మీ అమ్మ ఎవరింటి ఆడపడుచు?"

అదీ చెప్పాడు.

మా వైపు ఈ రెండు ప్రశ్నలూ మంచినీళ్లు కావాలా అని అడిగినంత మామూలు. బస్సులో పక్కన కూర్చున్నావిడ అడుగుతుంది. ఆస్పత్రి వరండాలో పక్క మంచం వాళ్లు అడుగుతారు. ఇంటిపేరు ఒక్కటే చాలదు, ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది. తల్లి పుట్టింటి పేరు కూడా తెలిసిందంటే ఎదుటి మనిషి ఎవరో, ఎంత దూరంలో కూర్చోబెట్టాలో తేలిపోతుంది. మార్కు చెప్పిన రెండు పేర్లతో నాకూ తేలిపోయింది. వాళ్లు చర్చి పేటవాళ్లు. అయినా పని ఇచ్చాను. టీ తెప్పించినప్పుడు మాత్రం నాకు గాజు గ్లాసు, వాడికి ప్లాస్టిక్ కప్పు. వాడు ఏమీ అనలేదు. వాడు అనలేదు కాబట్టి నేను మంచిదాన్నేనని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

పనిమంతుడు. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజున నా కొట్టు ముందు తిరునాళ్లలా ఉండేది. వీడు చెమట కూడా తుడుచుకోకుండా ఒక్కొక్కరి హాల్‌టికెట్ నంబరు కొట్టి, తప్పినవాళ్లకు చెవిలో చెప్పి, పాసైనవాళ్లకు గట్టిగా చెప్పేవాడు. ఆ తేడా వాడికి నేను నేర్పలేదు. ఈమెయిల్ కావాలని వచ్చినవాళ్లకు తనే తెరిచి ఇచ్చేవాడు. అందులో పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్లీ అడగడానికని ఒక రహస్య ప్రశ్న పెట్టుకోమంటుంది. రెడీగా ఉన్న ప్రశ్నల్లో మొట్టమొదటిది, మీ తల్లి పుట్టింటి పేరేమిటి అని. మా వాళ్లంతా దాన్నే ఎంచుకునేవాళ్లు. ఎంచుకుని, ఉన్నదున్నట్టు నిజం రాసేవాళ్లు. కంప్యూటర్ కూడా అందరిలాగే మర్యాదకు అడుగుతోంది కాబోలు అనుకున్నారు. దానికి అబద్ధం చెప్పొచ్చని, చెప్పాలని, ఈ చుట్టుపక్కల ఒక్క మనిషికీ తట్టలేదు. ఊరంతటికీ తెలిసిన పేరును రహస్యమని దాచుకున్నవాళ్లం మేమే అయి ఉంటాం.

మధ్యాహ్నం పూట కొట్టు ఖాళీగా ఉండేది. అప్పుడు మార్కు చివరి కంప్యూటర్ దగ్గర కూర్చుని ఆడేవాడు. ఏదో విదేశీ ఆట. కోటలు, గుర్రాలు, కత్తులు. నేను దాన్ని కత్తుల ఆట అనేదాన్ని. ఎక్కడెక్కడివాళ్లో ఒకేసారి అందులో దిగి, గుంపులు కట్టి, అవతలి గుంపు కోట పట్టుకోవాలి. తెలుగువాళ్లది ఒక గుంపు ఉండేది, ముప్పై నలభై మంది. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు షావుకారు కొడుకు, ఒంగోలులో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి, ఇంకా ఎవరెవరో. అందరూ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లు. ఆ గుంపుకు పెద్ద మా మార్కు. ఏడాదిన్నర కష్టపడి ఆటలో తన తరఫున తిరిగే మనిషిని డెబ్బై ఒకటో లెవెలు దాకా తెచ్చాడు. దానికో తెల్లగుర్రం, వెండి కవచం.

ఒకసారి వెనక నిలబడి చదివాను. "అన్నా నువ్వు రాకపోతే కోట మొదలెట్టం." "మార్కన్నా, కొత్తగా వచ్చా, ఏం చెయ్యాలో చెప్పు." "అన్న చెప్పాక ఇంకేముంది." తెర నిండా అన్న, అన్న, అన్న.

నాకు విచిత్రంగా అనిపించింది. మా కొట్లో పదో తరగతి పిల్లలు కూడా వాణ్ణి "ఒరేయ్ మార్కూ, ఈ జెరాక్సు తియ్" అంటారు. నేనూ అంతే. ఆ ముప్పై మందిలో ఎవరూ వాణ్ణి ఇంటిపేరు అడగలేదు. అడగడానికి వాళ్లకు తీరిక లేదు, కోట పట్టుకోవాలి. ఆ వారం నుంచి వాడికీ గాజు గ్లాసులోనే టీ చెప్పాను. దాన్ని ఘనకార్యమని రాయడం లేదు, జరిగింది గనక రాస్తున్నాను.

2007 వర్షాకాలంలో ఒకరోజు వాడు నన్ను కేకేసి తెర చూపించాడు. ముఖం వెలిగిపోతోంది.

"మేడం, ఆట కంపెనీ వాళ్లు నాకు ఉత్తరం రాశారండి. చూడండి, మార్క్ సర్ అని రాశారు."

చక్కటి ఇంగ్లీషు ఉత్తరమట. దేశం మొత్తంలో మంచి నాయకుల్ని ఎంచి బహుమతి ఇస్తున్నారట. మీరే మార్క్ సర్ అని రూఢి చేసుకోవడానికి మీ పాస్‌వర్డ్ పంపమని ఉందట.

"ఎవరో ఏందో కనుక్కున్నావా?" అన్నాను.

"కంపెనీ వాళ్లేనండి. ఇంత ఇంగ్లీషు ఇంకెవరు రాస్తారు?"

పంపేశాడు. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి సర్ అన్న మొదటి మనిషి ఆ దొంగ. అందుకే పంపాడని నా నమ్మకం. ఇందులో వాడి తెలివితక్కువతనం ఎంతో, వాడికి అంతకు ముందు ఎవరూ ఆ మాట అనకపోవడంలో మా అందరి పాలు ఎంతో, లెక్క తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

మర్నాటికి వాడి పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. వాడు కొత్త మనిషిని తయారుచేసుకుని, ఒకటో లెవెలుతో, గోచీ కట్టుకున్న బైరాగిలా గుంపు దగ్గరికి వెళ్లాడు. నేనే మార్కుని అని రాశాడు. అప్పటికే వాడి తెల్లగుర్రం మీద వేరెవరో తిరుగుతున్నారు. ఒంగోలు అబ్బాయి, "నువ్వు మార్కన్నవని రుజువేంది?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నాలుగు రోజులకు అసలు మార్కు గుంపును వదిలేశాడని అనుకుని, గుంటూరు షావుకారు కొడుకుని పెద్దగా పెట్టుకున్నారు. ఇదంతా చూసి కూడా ఒక్కడు మాత్రం, "నువ్వే అన్నవి, మాట తీరు తెలుస్తుంది. నమ్ముతున్నా" అని రాశాడట. దాచేపల్లి కుర్రాడు, పేరు కోటేష్.

మార్కు అన్నం మానేశాడు. తెచ్చుకున్న క్యారేజీ తెచ్చుకున్నట్టే ఇంటికి పట్టుకుపోయేవాడు. నేను కసిరాను.

"బొమ్మ పోతే ఇంకో బొమ్మ. కడుపు మాడ్చుకునేదేముందిరా అందులో?"

"బొమ్మ కాదండి. అదుంటే నేను మార్కన్నని. అది పోతే మళ్లీ మార్కుగాణ్ణే."

నాకు అర్థమైంది గానీ, అర్థమైనట్టు కనిపించడానికి మనసొప్పక, జెరాక్సు మిషన్లో కాగితాలు పెట్టమని పురమాయించాను.

ఇక్కడి నుంచి రాసేది వాడు తర్వాత నాకు చెప్పింది. పది రోజులకు ఆ దొంగ మళ్లీ రాశాడు. ఈసారి సర్ లేదు. నీ మనిషి నీకు కావాలా, అయితే అరవై లెవెలు దాటిన ఎకౌంట్లు మూడు తెచ్చి ఇయ్యి, నీది నీకిస్తాను అని. దొంగ వస్తువు ఇంకొకళ్ల చేత తెప్పించుకుంటే తన చెయ్యి నల్లబడదు కదా. పేపరాయన రాయని సంగతి ఇదే. దొంగలు ఎక్కడో ఆకాశం నుంచి దిగరు. ఒకణ్ణి దోచి, వాడి కడుపుమంటను పనిలో పెట్టుకుంటారు. మార్కుని దోచినవాణ్ణి అంతకు ముందు ఎవరు దోచారో ఎవరికి తెలుసు?

మార్కుకి ఇంగ్లీషు ఉత్తరం రాయడం రాదు. వాడికి వచ్చింది ఒక్కటే, మా వైపు మర్యాద. కొత్త పేరుతో గుంపులో చేరి, షావుకారు కొడుకుతో మాట కలిపాడు. ఏ ఊరు, ఏం పంట, ఈ ఏడు మిరప ఎలా ఉంది, శీతల గిడ్డంగిలో చోటు దొరికిందా. అవతలివాడు ఆటలో మొదటిసారిగా మిరపకాయ గురించి మాట్లాడే మనిషి దొరికాడని మురిసిపోయాడు. అప్పుడు అడిగాడట, "మీ అమ్మగారు ఎవరింటి ఆడపడుచండీ?" అని. అవతలివాడు ఇంటిపేరు చెప్పడమే కాదు, ఊరి పేరు, మేనమామల పేర్లు, వాళ్లు ఎవరెవరికి పిల్లల్నిచ్చారో అన్నీ చెప్పాడట. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే అదీ చెప్పాడు. ఆ సాయంత్రం మార్కు ఆ అబ్బాయి ఈమెయిల్లో పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కాడు. తల్లి పుట్టింటి పేరేమిటని అడిగింది. రాశాడు. తలుపు తెరుచుకుంది. ఆట పాస్‌వర్డ్ మార్చినా ఆ మెయిల్‌కే వస్తుంది గనక, మెయిల్ చేతికొస్తే ఆట ఎకౌంటు చేతికొచ్చినట్టే.

పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు అడిగి వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టిన ప్రశ్న అది. వాడు అడిగితే మాత్రం జనం లోపలికి రమ్మన్నారు. "మొదటిసారి నవ్వొచ్చింది మేడం," అన్నాడు వాడు. "ఆ తర్వాత రాలేదు."

రెండోది రుజువేందని అడిగిన ఒంగోలు అబ్బాయిది. ఆ రెండూ అక్కసుతోనే చేశానని వాడే ఒప్పుకున్నాడు. నన్ను దించి నా చోట కూర్చున్నవాడొకడు, నన్ను చూసి నవ్వినవాడొకడు, పోతే పోనీ అనుకున్నానన్నాడు. తప్పే. కాదని నేను వాదించను. కాకపోతే అలాంటి అక్కసు నాకు ఎప్పుడూ కలగలేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

మూడోదానికి చిక్కొచ్చింది. వరసగా ఇద్దరి ఎకౌంట్లు పోయేసరికి గుంపు బెదిరిపోయింది. కొత్తవాళ్లతో ఎవరూ పలకడం లేదు. అవతలి దొంగేమో ఆదివారం దాటితే బేరం లేదన్నాడు. మార్కు తన సొంత పేరుతో పలకరిస్తే పలికేవాడు ఇక ఒక్కడే, కోటేష్.

కోటేష్ దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర చీటీలు రాసేవాడు. ఆటలో అందరూ మీసాలు, కత్తులు ఉన్న మగవాళ్లను పెట్టుకుంటే, అతను ఆడమనిషిని పెట్టుకున్నాడు. ఈటె పట్టుకున్న ఆడమనిషి. దానికి అంకమ్మ అని పేరు పెట్టాడు. గుంపులో ఎగతాళి చేసేవాళ్లు. అది వాళ్లమ్మ పేరు. ఆమె పోయి నాలుగేళ్లయింది. అంకమ్మను అరవై మూడో లెవెలు దాకా తెచ్చాడు.

శనివారం మధ్యాహ్నం. నేను అక్కడే, నా బల్ల దగ్గర కూర్చుని చిట్టా రాసుకుంటున్నాను. మార్కు ఒక్క వాక్యం కొట్టాడు, "మీ అమ్మ ఎవరింటి ఆడపడుచు తమ్ముడూ?" అని. అవతలి నుంచి మాటలు రావడం మొదలెట్టాయి. ఆగలేదు. గంట సేపు వచ్చాయి.

వాళ్లమ్మ మాచర్ల దగ్గర నల్లబోతు వారి ఆడపడుచట. రెండు చేతులతో పత్తి తీసేదట. ఒక చేత్తో తీసేవాళ్ల పక్కన సాలు పట్టినప్పుడు, ముందుకెళ్లిపోతే మాట్లాడుకోవడానికి తోడుండదని కావాలనే నిదానంగా తీసేదట. పుట్టింటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ రెండు రోజులు ఆ ఊరి యాసలో మాట్లాడేదట, తండ్రి వెక్కిరిస్తే మానేసేదట. కాలి వేలికి పుల్ల గుచ్చుకుని, పట్టించుకోక, జ్వరంతోనే పత్తికి వెళ్లి, ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయిందట. ఇవన్నీ రాసి చివర, "అమ్మ పోయాక ఆమె సంగతి నన్నెవరూ అడగలేదన్నా. అడిగితే ఏడుస్తానని మానేశారేమో. నువ్వు అడిగావు" అని రాశాడట.

నేను తలెత్తి చూసేసరికి మార్కు కదలకుండా కూర్చున్నాడు.

"ఏందిరా, ఒంట్లో బాగోలేదా?"

"ఏం లేదు మేడం."

బయటికెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు. వచ్చి, మళ్లీ కూర్చుని, ఆ పని చేశాడు. చదువుతున్న మీకు ఇక్కడ వాడి మీద కోపం వస్తుంది. తెలిసిననాడు నాకూ వచ్చింది. అంత విన్నాక చేతులెలా వచ్చాయిరా అని అడిగాను. "చెయ్యకపోతే ఆ ఇద్దరివీ ఊరికే చేసినట్టు అవుద్ది గదండీ," అన్నాడు. చెడ్డ పని సగంలో ఆపితే అది ఇంకా చెడ్డగా కనిపిస్తుంది కాబోలు.

సోమవారం వాడి మనిషి వాడికి తిరిగొచ్చింది. దొంగ మాట తప్పలేదు. గుర్రం లేదు, కవచం లేదు, అన్నీ ఒలిచి అమ్ముకున్నాడు. అయినా గుంపు ఎగిరి గంతేసింది. అన్న వచ్చాడు, అన్న వచ్చాడు అని తెర నిండా. మార్కు ఆ సాయంత్రం నాకు మిరపకాయ బజ్జీలు తెచ్చిపెట్టాడు. తను మాత్రం తినలేదు.

బుధవారం కొట్లో ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"మార్కన్న ఉన్నాడాండీ? నేను దాచేపల్లి నుంచి కోటేష్‌ని. రేపు నాకు సెలవు, వస్తున్నానని చెప్పండి."

చెప్పాను. మార్కు సరేనన్నాడు. మర్నాడు పనికి రాడేమో అనుకున్నాను, ఎందుకనుకున్నానో నాకే తెలియదు. కానీ వచ్చాడు, మామూలు వేళ కంటే ముందే వచ్చి కొట్టు తుడిచాడు.

కోటేష్ పదకొండింటికి దిగాడు. నరసరావుపేటలో బస్సు మారి, చిలకలూరిపేటలో మారి వచ్చాడు. పొట్టిగా, గుండ్రటి ముఖం, ఇరవై దాటి ఒకటో రెండో. ఎంత తలంటుకున్నా పోని సిమెంటు దుమ్ము చెవుల వెనక ఉంది. చేతిలో మిఠాయి పెట్టె.

"నమస్కారం పిన్నిగారండీ," అని నాకు దణ్ణం పెట్టి, లోపలికి చూసి, ఎవరూ చెప్పకుండానే మార్కుని గుర్తుపట్టాడు. పెట్టె విప్పి వాడి ముందు పెట్టాడు.

"నీ ఎకౌంటు వచ్చిందంట గదన్నా. మొన్న వేరేవాళ్లు చెప్పారు. నాకెంత సంతోషమైందో. తీసుకో, నోరు తీపి చేసుకో."

మార్కు ఒక కోవా బిళ్ల తీసుకుని చేతిలో పట్టుకున్నాడు.

"నాది పోయిందన్నా," అన్నాడు కోటేష్. "శనివారం నీతో మాట్లాడి డ్యూటీకి పోయానా, వచ్చేసరికి లేదు. అంకమ్మని ఎవడికో అమ్మేశారంట. వాడు పేరు కూడా మార్చాడంట. అది పోయినా ఇంత బాధ లేదు, పేరు మార్చారంటేనే..." ముఖం తుడుచుకుని మళ్లీ అన్నాడు. "నువ్వు నీది తెచ్చుకున్నావు గదా. ఎట్టా తెచ్చుకున్నావో చెప్తే నేనూ అట్టాగే తెచ్చుకుంటా. అందుకే వచ్చా."

మార్కు చేతిలోని కోవా బిళ్ల వైపు చూశాడు. నాకప్పటికి అసలు సంగతేమీ తెలియదు. ఆ పిల్లాడి ముఖం చూసి జాలేసి నేనే అన్నాను.

"చెప్పరా మార్కూ. పాపం, అంత దూరం నుంచి వచ్చాడు."

వాడు ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. కోవా బిళ్లను మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

"మూడు ఎకౌంట్లు ఇస్తే నాది ఇస్తానన్నాడు కోటేష్. ఇచ్చాను. మూడోది నీదే."

కోటేష్‌కి అర్థం కాలేదు. నవ్వబోయి ఆగిపోయాడు. "నాదా? నాది నీకెట్టా వచ్చింది?"

"మీ అమ్మ పుట్టింటి పేరు చెప్పావు గదా. మెయిల్లో అదే అడుగుద్ది."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రెండు నెలలూ నా కొట్లో ఏం జరిగిందో. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వాడి చెంప పగలగొడదామని చెయ్యెత్తాను. కోటేష్ అడ్డం వచ్చాడు.

"వద్దు పిన్నిగారండీ. కొట్టమాకండి."

అతనే నా చెయ్యి కిందికి దించాడు. మార్కు కాగితం మీద తన పాస్‌వర్డ్ రాసి, "ఇది నువ్వు తీసుకో, ఇక నాకొద్దు," అని ఇవ్వబోయాడు. కోటేష్ దాన్ని చూడను కూడా లేదు. చిలకలూరిపేట బస్సు ఎప్పుడుందని నన్ను అడిగాడు. భోజనం చేసి వెళ్లమన్నాను. ఆకలి లేదన్నాడు. మార్కు వెనకే వెళ్లాడు. ఇద్దరూ బస్టాండు వైపు పక్కపక్కనే నడిచి వెళ్లడం గుమ్మంలో నిలబడి చూశాను. బస్సు ఎక్కబోయే ముందు కోటేష్ వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. అంత దూరం నుంచి నాకు వినిపించలేదు.

ఆ తర్వాత మార్కు చెయ్యగలిగినవి చేశాడు. గుంపులో అందరికీ తనే ఒప్పుకుని రాశాడు. వాళ్లు తిట్టగలిగినన్ని తిట్టి తరిమేశారు. షావుకారు కొడుకు గుంటూరు నుంచి కారేసుకుని వచ్చి కొట్లో నానా గొడవ చేశాడు. మార్కు తలొంచుకుని పడ్డాడు. ఆట కంపెనీకి ముప్పై ఉత్తరాలు రాశాడు, అంకమ్మ పేరు అంకమ్మకు ఇప్పించమని. జవాబు రాలేదు. తర్వాత నా కొట్లో ఈమెయిల్ కోసం వచ్చిన ప్రతి ఒక్కరి చేతా ఆ రహస్య ప్రశ్నకు అబద్ధం జవాబు రాయించాడు. మా వాళ్లకు అది నచ్చేది కాదు. అమ్మ పేరు దగ్గర అబద్ధమేందిరా అని దెబ్బలాడేవాళ్లు. వాడు వినేవాడు కాదు. మళ్లీ ఏడాది తండ్రి దగ్గరికి మార్టూరు వెళ్లిపోయాడు.

పేపర్లో ఆ ముక్క చదివిన మర్నాడు నా ఫోన్ పాడైందన్న వంకతో మార్టూరు వెళ్లాను. వాడు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఎప్పటి నుంచో నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అడిగేశాను.

"ఆ రోజు బస్సు దగ్గర కోటేష్ ఏమన్నాడురా?"

వాడు ఫోన్ మూత విప్పుతూ, తలెత్తకుండా చెప్పాడు.

"ఎకౌంటు కావాలని అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి గదన్నా, మా అమ్మ సంగతి ఎందుకడిగావు అన్నాడండి."